స్కోరు 4 వచ్చింది, నలభై నిమిషాల్లో రోగి మత్తులోకి జారిపోయారు. అంబులెన్సులో మన అంచనా ఎక్కడ తప్పుతోంది?

దేవరకొండ దారి
ఆదివారం, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. అంబులెన్సులో ఈఎంటీగా, అంటే రోగికి దారిలో ప్రథమ చికిత్స చేసే ఉద్యోగిగా, ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. మూడు రోజులుగా ఒకే కేసు కళ్ల ముందు తిరుగుతోంది, నిద్ర పట్టడం లేదు. అనుభవం ఉన్నవారు నా పొరపాటు ఎక్కడుందో చెబుతారని రాస్తున్నాను.

డిండి వైపు ఒక తండా నుంచి ఫోను వచ్చింది. యాభై ఎనిమిదేళ్ల రైతు. మూడు రోజులుగా జ్వరం, మూత్రంలో మంట. మేము వెళ్లేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు. పేరు, ఊరు అడిగితే సరిగ్గా చెప్పారు. "నాకేమీ కాలేదు, పిల్లలే కంగారు పడుతున్నారు" అన్నారు. తానే నడిచి వచ్చి బండి ఎక్కారు.

నేను షీటులో రాసినవి ఇవి. పల్స్ 96, పై బీపీ 108, ఆక్సిజన్ 95 శాతం, జ్వరం 38.4 సెల్సియస్ అంటే మన లెక్కలో 101, ఊపిరి నిమిషానికి 18, స్పృహ పూర్తిగా ఉంది. రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో మార్కుల్లో చెప్పే న్యూస్ 2 పట్టిక ఈ మధ్యే నేర్చుకున్నాను, దానితో కూడితే మొత్తం 4 వచ్చింది. 4 అంటే తక్కువ ప్రమాదం. అందుకే నల్గొండ పెద్దాసుపత్రిదాకా పోకుండా దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో దించాను. వస్తున్నామని ముందుగా ఫోను కూడా చేయలేదు.

నలభై నిమిషాల తర్వాత అక్కడి నుంచే మాకు పిలుపు. బీపీ 84. మనిషిని కుదిపితేనే కళ్లు తెరుస్తున్నారు. నల్గొండకు మళ్లీ మేమే తీసుకెళ్లాం. ఇప్పుడు వెంటిలేటర్ మీద ఉన్నారు.

పట్టిక తప్పా? నేను తప్పా? మొదటిసారి చూసినప్పుడే ఈ ముప్పు తెలిసే దారి ఉందా?

పాలమూరు ఎమర్జెన్సీ
ఆదివారం, రాత్రి 11:34

తమ్ముడూ, నేను మహబూబ్‌నగర్‌లో అత్యవసర విభాగంలో డాక్టరుగా ఉన్నాను. ఈ విషయం బయటికి చెప్పుకోవడం తేలిక కాదు, చెప్పావు. నాకు తెలిసినంతలో వివరంగా రాస్తాను.

కొత్తవారి కోసం ముందు పట్టిక సంగతి. న్యూస్ అనే స్కోరును లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చింది, 2017లో సవరించి న్యూస్ 2 చేసింది. ఊపిరి వేగం, ఆక్సిజన్ శాతం, పై బీపీ, పల్స్, స్పృహ, జ్వరం అనే ఆరు కొలతలకు ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు. రోగికి ఆక్సిజన్ పెట్టి ఉంటే మరో 2. మొత్తం 4 వరకు తక్కువ ప్రమాదం, 5 లేదా 6 మధ్యస్థం, 7 లేదా అంతకంటే ఎక్కువైతే తీవ్రం. ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. మొత్తం ఎంత తక్కువున్నా సరే, ఏ ఒక్క కొలతకైనా 3 పడిందంటే వెంటనే డాక్టరు చూడాల్సిందే. పదహారేళ్ల లోపు పిల్లలకూ గర్భిణులకూ ఈ పట్టిక పనికిరాదు, వారి శరీరం లెక్కలే వేరు.

ఇది పుట్టింది ఆసుపత్రి వార్డులో. అక్కడ నర్సు నాలుగు గంటలకో, ఆరు గంటలకో, అవసరమైతే గంటగంటకూ కొలుస్తుంది, అంకె ఎటు పోతోందో కనబడుతుంది. అంబులెన్సులో మీకు దొరికేది ఒక్క కొలతే. ఎక్కువ స్కోరు వస్తే దాన్ని నమ్మవచ్చు, ఆ రోగి నిజంగానే ప్రమాదంలో ఉంటాడు. తక్కువ స్కోరును మాత్రం అంత గట్టిగా నమ్మకూడదు. "ఈ నిమిషంలో ఇలా ఉన్నాడు" అని చెబుతుంది తప్ప, గంట తర్వాత ఎలా ఉంటాడో హామీ ఇవ్వదు.

నీ అంకెల్లోనే ఇంకో లెక్క దాగి ఉంది. పల్స్‌ను పై బీపీతో భాగించు. 96ను 108తో భాగిస్తే 0.89. దీన్ని షాక్ ఇండెక్స్ అంటారు, 1967 నుంచి వాడుకలో ఉంది. ఆరోగ్యవంతుడికి 0.5 నుంచి 0.7 మధ్య ఉంటుంది. 0.9 దగ్గరికి వచ్చిందంటే, బీపీ ఇంకా పడిపోకపోయినా గుండె దాన్ని నిలబెట్టడానికి కష్టపడుతోందని అర్థం. రెండు అంకెలూ విడివిడిగా చూస్తే ఒక్కో మార్కుతో పోయాయి. కలిపి చూస్తే కథ వేరు.

రెండు ప్రశ్నలు. ఆయనకు ముందు నుంచి బీపీ ఉందా? ఏ మాత్రలు వేసుకుంటారు?

క్యాజువాలిటీ సిస్టర్
సోమవారం, ఉదయం 6:15

రాత్రి డ్యూటీ దిగి చదివాను. నాది ఒక్కటే ప్రశ్న తమ్ముడూ. ఊపిరి 18 అని రాశారు. నిమిషం పాటు లెక్కపెట్టారా?

నిష్ఠూరంగా అడగడం లేదు. ఇరవై రెండేళ్లుగా క్యాజువాలిటీలో ఉన్నాను. బయటి నుంచి వచ్చే షీట్లలో ఊపిరి గడిలో 18 లేదా 20 తప్ప వేరే అంకె చూడటం అరుదు. వడదెబ్బ తగిలినవారికీ 18, కాలు విరిగినవారికీ 18, న్యుమోనియాతో రొమ్ము ఎగిరిపడుతున్నవారికీ 20. పల్స్‌కూ ఆక్సిజన్‌కూ బీపీకీ యంత్రం ఉంది, అంకె దానంతట అదే వస్తుంది. ఊపిరికి మనిషే కూర్చుని లెక్కపెట్టాలి. అందుకే అందరూ దాన్ని కంటితో చూసి రాసేస్తారు. ఒళ్లు చెడిపోతున్నప్పుడు అన్నిటికంటే ముందు మారే కొలతల్లో ఊపిరి ఒకటి. మనం చూడనిదీ అదే.

నేను లెక్కపెట్టే పద్ధతి చెబుతాను. "ఊపిరి లెక్కపెడుతున్నాను" అంటే రోగి ఊపిరి తీరే మారిపోతుంది. అందుకే పల్స్ చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుంటాను. ఆ చేతిని అలాగే మడిచి రోగి పొట్ట పైభాగంలో ఆనిస్తాను. దుప్పటి ఉన్నా, చీర కొంగు ఉన్నా, చెయ్యి లేచి దిగడం కనబడుతుంది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు పూర్తిగా ఒక చుట్టు తిరిగేదాకా కళ్లు తిప్పను. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే ఒక్క ఊపిరి తేడా నాలుగైపోతుంది.

హైవే అన్న
సోమవారం, మధ్యాహ్నం 1:20

పద్నాలుగేళ్లుగా 65వ నంబరు జాతీయ రహదారి మీద బండిలో ఉన్నాను. చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట దారిలో నేను చూడని ప్రమాదం లేదు. డాక్టరు గారి మీద గౌరవంతోనే నా మాట చెబుతాను. కూడికలు, భాగహారాలు వేసుకుంటూ కూర్చునే సమయం మాకు ఉండదు. మనిషిని చూడగానే తెలియాలి.

ఒకసారి పత్తి ఏరడానికి వెళ్తున్న కూలీల ఆటో బోల్తా పడింది. పదకొండు మంది. మేము దిగేసరికి రోడ్డంతా కేకలు. చెయ్యి విరిగిన అమ్మాయి గుండెలు అవిసేలా ఏడుస్తోంది, జనమంతా ఆమె చుట్టూ ఉన్నారు, ముందు ఆమెనే ఎక్కించమని నా చొక్కా పట్టుకుని లాగారు. పది అడుగుల అవతల, తుమ్మచెట్టు కింద ఒకావిడ నిశ్శబ్దంగా కూర్చుని ఉంది. ఒంటి మీద ఒక్క గీత లేదు. నుదుటి మీద చెమట, పెదవులు తెల్లబడ్డాయి, కొంగు కొసను వేళ్లతో నలుపుతూనే ఉంది. మణికట్టు దగ్గర నాడి అందలేదు. ఆమెను మొదట పంపాను. కడుపులో ప్లీహం చిట్లిందని తర్వాత తెలిసింది. బతికింది. ఏ పట్టికా చూడలేదు నేను.

పాలమూరు ఎమర్జెన్సీ
సోమవారం, సాయంత్రం 5:48

అన్నా, మీరు ఆ రోజు చేసిన పని గొప్పది. అయితే మీరు పట్టిక లేకుండా చేశారని నేను ఒప్పుకోను. ఎక్కువ మంది గాయపడ్డ చోట వాడే స్టార్ట్ అనే పద్ధతి ఒకటి ఉంది. 1980ల్లో కాలిఫోర్నియాలో ఒక ఆసుపత్రి, అగ్నిమాపక శాఖ కలిసి రూపొందించాయి. నడవగలిగినవారిని పక్కకు పిలవడం, మిగిలినవారిలో ఊపిరి నిమిషానికి 30 దాటిందా, మణికట్టు దగ్గర నాడి అందుతోందా, చెప్పిన మాట చేస్తున్నారా అని మూడే చూడటం. ఒక్కొక్కరికి నిమిషం లోపే. మీరు నాడి చూశారు, అందలేదు, ముందు పంపారు. అక్షరాలా అదే పద్ధతి. పద్నాలుగేళ్ల అనుభవం వల్ల అది మీ చేతి వేళ్లలోకి వచ్చేసింది. నిన్న చేరిన కుర్రాడికి ఆ వేళ్లు లేవు. వాడికి పట్టిక కావాలి.

అలసట సంగతి కూడా ఆలోచించండి. తెల్లవారుజామున నాలుగింటికి, వరసగా ఏడో కేసు దగ్గర, మీ కన్నూ నా కన్నూ తప్పవచ్చు. అప్పుడు అంకె మనల్ని పట్టి ఆపుతుంది.

నల్లమల ఆశా
సోమవారం, రాత్రి 8:05

నేను అమ్రాబాద్ మండలంలో ఆశా కార్యకర్తను. పెద్ద చదువులు లేవు. అంకెలన్నీ బాగుండి మనిషి పోయే సందర్భం ఒకటి మా దగ్గర ఉంది, అది చెప్పాలని రాస్తున్నాను.

కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున లేచి కడుపునొప్పి అంటారు, గొంతు పట్టేసింది అంటారు. బీపీ బాగుంటుంది, పల్స్ బాగుంటుంది, ఆక్సిజన్ 98 ఉంటుంది. ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుని వాము నీళ్లు ఇస్తారు.

నిరుడు వానాకాలంలో ఒక పెంటలో, అంటే అడవిలోని చిన్న గూడెంలో, పదిహేడేళ్ల అబ్బాయి ఇలాగే ఉన్నాడు. నేను వాడి కళ్లు చూశాను. రెప్పలు సగం వాలి ఉన్నాయి, పైకి చూడమంటే తల ఎత్తుతున్నాడు కానీ రెప్పలు లేవడం లేదు. శిక్షణలో నేర్పిన ప్రకారం, గట్టిగా ఊపిరి పీల్చి ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు చెప్పగలవో చెప్పమన్నాను. 22 వరకు చెప్పాడు. జీపు వచ్చేలోపు మళ్లీ చెప్పమంటే 13 దగ్గర ఆగిపోయాడు. ఆక్సిజన్ యంత్రంలో మాత్రం అప్పటికీ 97. ఆ 22, ఆ 13 రెండూ సమయంతో సహా చీటీ మీద రాసి పంపాను. ఆసుపత్రిలో ఆ చీటీ చూసి వెంటనే విరుగుడు మందు మొదలుపెట్టారట. ఇప్పుడు తేనె పట్టడానికి కొండకు పోతున్నాడు.

పత్తిచేను
సోమవారం, రాత్రి 9:40

నేను రైతును, మునుగోడు దగ్గర. అక్క రాసింది చదివాక నాకూ రాయాలనిపించింది. మా దాయాదుల అబ్బాయి ఇంట్లో గొడవపడి గడ్డిమందు తాగాడు. కొద్దిగానే అన్నాడు, వాంతి కూడా చేసుకున్నాడు. మోటారు సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాం. దారిలో టీ అడిగాడు. బీపీ, పల్స్ అన్నీ బాగున్నాయన్నారు. సాయంత్రానికి ఇంటికి వెళ్దామని మాతో గొడవ. మేమూ తేరుకున్నాడనే అనుకున్నాం. పన్నెండో రోజు పోయాడు. ఆ రోజు అంత బాగున్నవాడు ఎలా పోయాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. డాక్టరు గారూ, మేము ఇంకాస్త ముందు వెళ్లి ఉంటే బతికేవాడా?

పాలమూరు ఎమర్జెన్సీ
సోమవారం, రాత్రి 10:30

అన్నా, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు చెబుతున్న లక్షణాలు పారాక్వాట్ అనే గడ్డిమందువి. దానికి విరుగుడు లేదు. ఎంత త్వరగా తీసుకెళ్లినా చాలామందిని కాపాడలేకపోతున్నాం. మీ వైపు నుంచి లోపం ఉందని అనుకోకండి.

ఈఎంటీలు ఇది గుర్తు పెట్టుకోవాలి. ఈ రోగికి మొదటి రోజు స్కోరు 0 రావచ్చు. అది అబద్ధపు సున్నా. విషం కిడ్నీలనూ ఊపిరితిత్తులనూ రోజుల తరబడి మెల్లగా పాడుచేస్తుంది. ఇంకొకటి, మనం అలవాటుగా పెట్టే ఆక్సిజన్ ఇక్కడ కీడు చేస్తుంది, ఊపిరితిత్తుల నష్టాన్ని పెంచుతుంది. శాతం నిజంగా బాగా పడిపోతే తప్ప పెట్టకూడదు. కాబట్టి డబ్బా వెంట తెచ్చుకోవాలి, లేదా దాని మీది పేరును ఫోనులో ఫొటో తీసుకోవాలి. పురుగుమందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ రకం అయితే కథ పూర్తిగా వేరు. కంటిపాప సూదిమొనంత అయిపోతుంది, నోట్లో నురగ, చెమట, పల్స్ నెమ్మదిస్తుంది. దానికి అట్రోపిన్ ఉంది, ఆక్సిజన్ కావాలి. రెండింటినీ "మందు తాగాడు" అనే ఒక్క మాటతో ఆసుపత్రికి చెబితే మాకేమీ తెలియదు.

ఇంట్లో ఎవరైనా అలాంటి బాధలో ఉన్నారనిపిస్తే 14416కు ఫోను చేయండి, టెలి మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు.

హైవే అన్న
మంగళవారం, ఉదయం 7:12

రైతన్నా, మనసు కలిచివేసింది. డాక్టరు గారూ, అబద్ధపు సున్నా అన్న మాట మా బండిలో అందరికీ చెప్పాను.

జనానికి ఒక మాట. రోడ్డు మీద గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చితే పోలీసు కేసులో ఇరుక్కుంటామని ఇప్పటికీ భయపడుతున్నారు. సుప్రీంకోర్టు 2016లోనే రక్షణ ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ కూడా చేర్చారు. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతం చేయడానికి లేదు. ఫోను చేసినప్పుడు ఎంతమంది, ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు మాట్లాడటం లేదు అనే మూడు చెప్పండి చాలు. మూడోది మాకు అన్నిటికంటే ముఖ్యం.

దేవరకొండ దారి
మంగళవారం, రాత్రి 11:05

రెండు రోజులు జవాబు రాయలేదు. సిస్టర్ గారి ప్రశ్నకు జవాబు చెప్పడానికి సిగ్గేసింది.

లెక్కపెట్టలేదు. ఆయన మాట్లాడుతున్నారు, నడుస్తున్నారు, అందుకని 18 అని రాశాను. మొదట దించిన ఆసుపత్రికి ఈ రోజు వెళ్లి, ఆయనను చేర్చుకోగానే అక్కడి నర్సు రాసుకున్న కాగితం చూశాను. ఊపిరి 26 అని ఉంది. మేము దించిన పది నిమిషాలకే రాసిన అంకె. నా పట్టికలో 18 తీసి 26 పెట్టాను. 25 లేదా అంతకు మించితే 3 మార్కులు. మిగిలినవన్నీ అవే. 4 కాస్తా 7 అయింది. పట్టిక తప్పు చెప్పలేదు. నేను దానికి తప్పు చెప్పాను.

డాక్టరు గారు అడిగినది కూడా కనుక్కున్నాను. వాళ్ల అబ్బాయి మాత్రల పట్టీ చూపించాడు, అటెనొలాల్, ఎనిమిదేళ్లుగా. పాత చీటీల్లో బీపీ ఎప్పుడూ 150, 160.

పాలమూరు ఎమర్జెన్సీ
బుధవారం, ఉదయం 8:20

ఇప్పుడు అంతా కలిసింది. అటెనొలాల్ గుండె వేగాన్ని పట్టి ఉంచుతుంది. ఆ మాత్ర లేకపోతే ఆ రోజు పల్స్ 120 ఉండేదేమో, నీకు 96 కనబడింది. 160కి అలవాటు పడిన శరీరానికి 108 అంటే యాభై పడిపోయినట్టు. పట్టికకు ఆయన మామూలు బీపీ ఎంతో తెలియదు, అది మనమే అడగాలి. మూత్రంలో మంట, జ్వరం, ఊపిరి 26 కలిస్తే రక్తానికి పాకిన ఇన్‌ఫెక్షన్, అంటే సెప్సిస్ అనే అనుమానించాలి. మూడే కొలతలున్న క్యూసోఫా అనే చిన్న స్కోరు కూడా ఉంది. దాన్ని ఒంటరిగా నమ్మవద్దని 2021లో వచ్చిన అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలు చెప్పాయి. ఈయన విషయంలో 26 వేసినా అందులో ఒక్క మార్కే వచ్చేది.

వేలికి పెట్టే ఆక్సిజన్ యంత్రం గురించి కూడా ఒక మాట. నల్లని చర్మం ఉన్నవారిలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని 2020లో అమెరికాలో జరిగిన అధ్యయనం తేల్చింది. ఎండలో పనిచేసే మన రైతుల వేళ్ల మీద 95ను నేను 95గా తీసుకోను. చెయ్యి చల్లబడి ఉన్నా, గోటికి రంగు ఉన్నా అంతే.

క్యాజువాలిటీ సిస్టర్
బుధవారం, మధ్యాహ్నం 2:45

తమ్ముడూ, ఇది ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. నేను కొత్తలో ఒక బాలింతకు రక్తస్రావం జరుగుతుంటే బీపీ బాగుంది కదా అని అరగంట ఊరుకున్నాను. ఆమె వయసులో బీపీ చివరిదాకా నిలబడి ఒక్కసారిగా కుప్పకూలుతుందని ఆ రోజే తెలిసింది. ఆమె దక్కింది, కానీ ఆ అరగంట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

రోగిని అప్పగించేటప్పుడు మాకు స్కోరు ఒక్కటే చెప్పకండి. "పది గంటలకు 4, పదీ ఇరవైకి 6" అని రెండూ చెప్పండి. పరుగున వచ్చి మంచం సిద్ధం చేస్తాం. ఇంట్లోవాళ్లు "ఎప్పటిలా లేడు" అన్నారంటే ఆ మాట కూడా షీటులో రాయండి.

దేవరకొండ దారి
తర్వాతి ఆదివారం, రాత్రి 9:30

అందరికీ చెప్పాల్సిన కబురు. నిన్న ఆయనకు వెంటిలేటర్ తీసేశారు. వార్డుకు వెళ్లి కూర్చున్నాను. నన్ను గుర్తుపట్టలేదు. చెయ్యి పట్టుకుంటే అలవాటు కొద్దీ ఊపిరి లెక్కపెట్టాను. 19.

మా బండిలో రోగి తల వైపు సెకన్ల ముల్లున్న గడియారం బిగించాం. ఎక్కించగానే ఒకసారి, దించే ముందు ఒకసారి, నిమిషం పూర్తిగా. ఆ నిమిషం నన్నెవరూ పలకరించవద్దని బండి నడిపే పైలట్ అన్నకు చెప్పాను. ఈ వారంలో ఇద్దరికి నేను అనుకున్న అంకె వేరు, లెక్కపెడితే వచ్చిన అంకె వేరు. ఒకరిని నేరుగా నల్గొండకు తీసుకెళ్లాం, ముందుగానే ఫోను చేశాం.

నల్లమల అక్కా, మిమ్మల్ని ఒకటి అడగాలి. లోపలి పెంటల నుంచి కేసు వచ్చినప్పుడు సిగ్నల్ దొరకదు. రోడ్డు మీదికి రోగి చేరేసరికి గంట, గంటన్నర గడిచిపోతోంది. ఆ గంటలో మనిషి ఎలా ఉన్నాడో మాకు తెలియడం లేదు.

నల్లమల ఆశా
తర్వాతి ఆదివారం, రాత్రి 10:10

తమ్ముడూ, జీపు బయలుదేరే ముందు నేను చీటీ రాసి రోగి వెంట వచ్చేవారి జేబులో పెట్టి పంపుతాను. సమయం, ఊపిరి, నాడి, మాట ఎలా ఉంది, ఏ మాత్రలు వాడతారు అన్నీ ఉంటాయి. మీ దగ్గరికి రాగానే ముందు ఆ చీటీ అడగండి. ఊపిరి నిమిషం పాటు లెక్కపెట్టే రాస్తాను.